వద్దన్న మాట ముందు రాయి

చిరంజీవి హేమకి, అత్తయ్య దీవించి రాయునది.

ఇక్కడ అందరం క్షేమం. నిన్న రాత్రి మీ నాన్న ఫోన్ చేసి అరగంట మాట్లాడాడు. అందులో పాతిక నిమిషాలు వాడి మోకాలి నొప్పి, నాలుగు నిమిషాలు కొబ్బరికాయ ధర. పెట్టేసే ముందు, "అన్నట్టు అక్కా, నీ మేనకోడలు అక్కడ మారిషస్‌లో, సముద్రంలో చమురు తవ్వొద్దని సంఘం పెడుతోందట. వచ్చే నెల ఊళ్ళో మీటింగట. నువ్వు చెబితే వింటుంది, కాస్త మందలించు" అన్నాడు.

మందలిద్దామనే కూర్చున్నాను. రెండు పేజీలు రాశాను కూడా. పరాయి దేశం, చిన్నపిల్లాడి తల్లివి, మనకెందుకు, అన్నీ రాశాను. పొద్దున్న కాఫీ తాగుతూ చదువుకుంటే, నేను ఉద్యోగంలో చేరతానన్నప్పుడు మా నాన్న నన్ను అన్న మాటలే అవి. చింపేశాను. ఇది రెండో ఉత్తరం. గర్వంగా ఉంది, భయంగానూ ఉంది. గర్వం సంగతి మీ నాన్నకి చెప్పకు.

మామూలు సంగతులు ముందు చెప్పేస్తాను. సంఘాన్ని రిజిస్టర్ చేయించు. బ్యాంకు ఖాతా ఇద్దరి సంతకాల మీద తెరువు, అందులో ఒకరు మీ ఆయన కాకుండా చూడు. రూపాయి ఖర్చయినా రాసి పెట్టు. మీ దేశపు చమురు చట్టం పూర్తిగా చదువు, ఎవరో వాట్సాప్‌లో పెట్టిన సారాంశం కాదు. ఎం.కామ్ చదివినదానివి, ఇవన్నీ నీకు నేను చెప్పాలా?

చెప్పాల్సినవి వేరే ఉన్నాయి.

మొదటిది తిండి. నవ్వకు. మీటింగు కంపెనీ పెట్టినా, ప్రభుత్వం పెట్టినా, అక్కడ పెట్టిన భోజనం తినొద్దు. మీ జట్టు వాళ్ళని కూడా తిననివ్వకు. ఇంటి దగ్గర నుంచి రొట్టెలు చుట్టుకుని వెళ్ళండి. విషం పెడతారని కాదే. భోజనానికి లేచినవాడు మళ్ళీ వచ్చి కుర్చీలో కూర్చోడు. అసలు పని భోజనాల తర్వాతే జరుగుతుంది. అదెలాగో కింద చెబుతాను.

రెండోది నీ ఉబ్బసం. 2020 ఆగస్టులో నువ్వు పంపిన ఫోటో నా ఫోన్‌లో ఇంకా ఉంది. జూలై 25న ఆ వకాషియో ఓడ పాయింట్ దెస్నీ దగ్గర పగడపు దిబ్బ ఎక్కి, పన్నెండు రోజులు అలా కూర్చుని, ఆగస్టు 6 నుంచి నూనె కక్కింది. మాయెబూర్ ఒడ్డున మీ అత్తగారూ నువ్వూ ఎండు చెరుకాకుల్ని గోనెల్లో కూరి పొడుగ్గా కుట్టి, నూనెని ఆపడానికి నీళ్ళలో తేలేశారు. ఫోటోలో నీ రెండు చేతులూ మోచేతుల దాకా నల్లగా ఉన్నాయి. ముక్కుకి చీరముక్క. అప్పుడు నీకు నాలుగో నెల. నేను ఫోన్‌లో కేకలేశాను, నువ్వు "ఊరంతా ఇక్కడే ఉంది అత్తయ్యా, నేనొక్కదాన్ని ఇంట్లో కూర్చోనా?" అన్నావు. ఆ మాటకి నా దగ్గర ఇప్పటికీ జవాబు లేదు. అయినా చెబుతున్నాను, ఇన్‌హేలర్ సంచిలో రెండు పెట్టుకో. ఒకటి కాదు.

ఆ ఓడలోంచి కారింది సుమారు 1,000 టన్నులు. అది చమురు ఓడ కాదు, సరుకు మోసే ఓడ, ఆ సరుకు కూడా లేకుండా ఖాళీగా పోతున్నది. తను నడవడానికి పోసుకున్న ఇంధనమే మీ లగూన్‌ని, దిబ్బకీ ఒడ్డుకీ మధ్య ఉన్న నీళ్ళని, అంత చేసింది. ఇక చమురు కోసమే తవ్వే బావి సంగతి చెప్పాలా? ఈ మాట మీటింగులో చెప్పు. కానీ ఇంతే చెప్పు, దీనికి తోకలు తగిలించకు. ఆ నెలాఖర్న పోర్ట్ లూయీలో నల్లబట్టలు కట్టుకుని వేలకి వేల మంది ఊరేగారే, వాళ్ళందరికీ ఆ వాసన గుర్తుంటుంది. నువ్వు వర్ణించక్కర్లేదు.

ఆ మరక పూర్తిగా పోకముందే, 2021లో, మీ వాళ్ళు సముద్రంలో చమురు వెతికి తవ్వడానికి ఆఫ్‌షోర్ పెట్రోలియం చట్టం చేసుకున్నారు. అది చూసి నువ్వు మండిపడ్డావని తెలుసు. మండిపడు, కానీ అవతలి వాడి మాట కూడా పూర్తిగా విను. వాడు ఏమంటాడో నేను చెప్పనా? "2019లో మన దేశానికి 13 లక్షల మందికి పైగా టూరిస్టులు వచ్చారు, మన జనాభా కంటే ఎక్కువ. మరుసటేడు మార్చిలో కోవిడ్ వచ్చాక ఒక్కడూ రాలేదు. హోటళ్ళు మూతబడ్డాయి, నీ టూరిస్టు బోటు ఒడ్డున ఎండింది. ఒక్క టూరిజం మీదే ఎంతకాలం వేలాడతాం? వాడే పెట్రోలంతా బయటనుంచి కొంటున్నాం, మన సముద్రంలోనే ఉంటే తప్పేమిటి?" అంటాడు. ఇది తెలివితక్కువ మాట కాదు. కోవిడ్ ఏడాది మీరు ఎన్ని నెలలు బోటు అప్పు కట్టలేదో నాకు తెలుసు, నాలుగు వాయిదాలు మీ నాన్నే పంపాడు. "నీ గాజు అడుగు బోటు నీళ్ళతో నడుస్తోందా, పెట్రోలుతో నడుస్తోందా?" అని కూడా అడుగుతాడు. నవ్వి ఒప్పుకో. పెట్రోలుతోనే నడుస్తోందని చెప్పు. నేను కూడా గ్యాసు పొయ్యి మీదే వండుకుంటున్నాను. ఒప్పుకున్నాక, ఒక ఆదాయం పోతుందేమోనని భయపడి రెండోదాన్ని తెచ్చుకోవడం వేరు, ఉన్నదాన్ని చంపగలిగే దాన్ని తెచ్చుకోవడం వేరు అని చెప్పు. బుకాయిస్తే మాత్రం అక్కడే దొరికిపోతావు.

ఇంకొకటి. మీ బ్లూ బే ఇసుకలో నిలబడితే చమురు తవ్వే రిగ్గు కనిపిస్తుందని ఎక్కడా అనకు. వాళ్ళు వెతికేది అంత దగ్గర కాదు. పక్క దేశం సేషెల్స్‌తో కలిసి 2012లో ఒప్పందం చేసుకున్నారే, నీళ్ళ కింద ఉన్న మాస్కరీన్ పీఠభూమి దగ్గర సుమారు 3,96,000 చదరపు కిలోమీటర్ల సముద్రపు అడుగు, అక్కడి సాయా దె మాలా దిబ్బ, అవీ అసలు ప్రశ్న. ఆ దిబ్బ మీద సముద్రపు గడ్డి మైదానాలు ఉన్నాయట, ప్రపంచంలో ఉన్న పెద్దవాటిలో అవొకటట. ఊరివాళ్ళు ఎవరూ చూడని చోటు గురించి ఊరివాళ్ళ చేత కన్నీళ్ళు పెట్టించడం కష్టం. అందుకని చాలామంది అబద్ధం ఆడతారు, దూరంలో ఉన్నదాన్ని దగ్గరికి లాగుతారు. నువ్వు లాగకు. నూనె నడుస్తుంది, గడ్డి నడవదు. ఆ రెండు ముక్కలు చాలు.

ముందు వచ్చేది రిగ్గు కాదని కూడా వాళ్ళకి చెప్పు. ముందు సర్వే ఓడ వస్తుంది. వెనకాల కిలోమీటర్ల పొడుగు కేబుళ్ళు లాక్కుంటూ, నీళ్ళలోకి గాలి తుపాకులతో దడదడా శబ్దం కొడుతూ తిరుగుతుంది, ఆ శబ్దం అడుగు రాళ్ళకి తగిలి తిరిగొస్తే దాన్నిబట్టి కింద ఏముందో గీసుకుంటారు. దాని చుట్టూ చిన్న బోట్లు కాపలా. మన వేట పడవల్ని ఈ చుట్టుపక్కలకి రావద్దని మైకులో అరుస్తారు. మా ఊళ్ళో అసలు గొడవ అక్కడే మొదలైంది. చుక్క నూనె పడలేదు, ఒక్క చేప పైకి తేలలేదు, కానీ వేటకి వెళ్ళే మంచి రోజులు పోయాయి.

ఇప్పుడు నా కథ. నీకు ముక్కలుముక్కలుగా తెలుసు. మొత్తం ఎప్పుడూ చెప్పలేదు, ఎందుకంటే సిగ్గు.

2008. మా ఊరి ఎదురుగా సముద్రంలో బావులు తవ్వుతామని, పైపులైను మన ఒడ్డుకి తెస్తామని ఒక కంపెనీ వచ్చింది. పేరు ఇప్పుడెందుకులే. ప్రజాభిప్రాయ సేకరణ మా బళ్ళోనే పెట్టారు. అప్పుడు హెడ్‌మిస్ట్రెస్‌ని కదా, తాళాలు ఇచ్చింది కూడా నేనే. దానికి నాలుగు రోజుల ముందు నూకరాజూ మరో పదిమందీ మన వీధరుగు మీదికి వచ్చి కూర్చున్నారు. వలలు తెగిపోతున్నాయనీ, సర్వే ఓడ ఉన్నన్నాళ్ళూ వేట లేదనీ, ఇంగ్లీషు రిపోర్టు మూడొందల పేజీలుందనీ, "మీరు మా తరఫున మాట్లాడండి టీచరమ్మగారూ" అనీ అన్నారు.

నేను ఆ నాలుగు రాత్రులూ కూర్చుని రిపోర్టు చదివాను. చదివి, చాలా తెలివిగలదాన్ననుకుని ఒక లెక్క వేసుకున్నాను. ఇంత పెద్ద కంపెనీ, వెనక ప్రభుత్వం, మనం వద్దంటే ఆగుతుందా? ఎలాగూ వచ్చేదే కదా, వచ్చేదాంట్లోంచి ఊరికి నాలుగు మంచి పనులు రాబట్టుకుందాం. అలా పదకొండు కోరికలు రాశాను. బోటుకి నెలకి ఇంత. కుర్రాళ్ళకి ఉద్యోగాలు. మంచినీళ్ళ ట్యాంకు. తుఫాను షెల్టరుకి మరమ్మతు. బడికి రెండు గదులు, ఇది నా సొంతం, ఊళ్ళో ఎవరూ అడగలేదు. దస్తూరీ ముత్యాల్లా ఉంది. అది చూసుకుని మురిసిపోయాను కూడా.

షామియానా వేశారు. ముందు వరసలో అధికార్లు, కంపెనీ వాళ్ళు. మైకు నా చేతికి వచ్చింది. పదకొండూ చదివాను, తడబడకుండా. జనం చప్పట్లు కొట్టారు. పెద్ద అధికారి నవ్వుతూ, "ఇంత పద్ధతిగా మాట్లాడినవాళ్ళని నేను చూడలేదమ్మా" అన్నాడు. నా చెవులు ఎర్రబడ్డాయి, సంతోషంతో. తర్వాత ఇద్దరు ముగ్గురు కుర్రాళ్ళు అరిచారు, వాళ్ళని కూర్చోమన్నది కూడా నేనే. నా బళ్ళో అల్లరేమిటి అని.

తర్వాత భోజనాలు. బిర్యానీ పొట్లాలు. మగాళ్ళంతా చెట్ల కిందికి వెళ్ళారు, అట్నుంచి అటే సముద్రానికి పోయారు, ఆటు పోటు చూసుకోవాలి కదా. సాయంత్రం నాలుగింటికి, నిబంధన ప్రకారం, ఆ రోజు జరిగినదంతా తెలుగులో చదివి వినిపించారు. వినడానికి నేనూ, ఇద్దరు టీచర్లూ, కుర్చీలు మడత పెడుతున్న షామియానా వాళ్ళూ మిగిలాం. అందులో ఒక వాక్యం: "ప్రజలు ప్రాజెక్టును స్వాగతిస్తూ ఈ క్రింది సదుపాయములు కోరియున్నారు."

స్వాగతిస్తూ.

ఆ మాట చెవిలో ముల్లులా గుచ్చుకుంది, అబద్ధం చెప్పను. మేం ఎవ్వరం స్వాగతించలేదు. కానీ సర్కారు తెలుగు అలాగే ఉంటుందిలే అనుకున్నాను. కోరికలన్నీ వరసగా రాశారు, ఒక్కటీ వదల్లేదు, అది చూసి కరిగిపోయాను. పెన్ను ఇచ్చారు. సంతకం పెట్టాను, హోదాతో సహా.

ముప్పై ఏళ్ళు తెలుగు చెప్పినదాన్నే! "చేస్తూ, చూస్తూ" అనేవాటిని శత్రర్థకం అంటారని ఏటా ఎనిమిదో తరగతికి చెప్పేదాన్ని. పిల్లలు "శత్రువా టీచర్?" అని నవ్వేవాళ్ళు. ఆ రోజు నా ఎదురుగా వచ్చి కూర్చుంటే పోల్చుకోలేకపోయాను.

నూకరాజు మర్నాడు పొద్దున్నే వచ్చాడు, గిన్నెలో నాలుగు చందువా పిల్లలు పట్టుకుని. ఎవరో కుర్రాడి చేత ఆ కాగితం చదివించుకున్నాడట. కోపంగా లేడు. అరుగు కింద నిలబడి, "అంతా బాగానే అడిగేరండి టీచరమ్మగారూ. మరి వద్దని ఎప్పుడన్నారండి?" అన్నాడు.

నేను రాత్రంతా చదివిన రిపోర్టు, పదకొండు కోరికలు, చప్పట్లు, అన్నీ ఆ ఒక్క ప్రశ్న దగ్గర ఆగిపోయాయి. నిజంగానే ఎక్కడా అనలేదు. మనసులో వద్దు ఉంది కాబట్టి కాగితం మీద కూడా ఉందనుకున్నాను.

ఆ తర్వాతది నీకు తెలిసిందే. గదులు కట్టారు, గోడ మీద కంపెనీ పేరుతో పలక. డబ్బు కొందరికి వచ్చింది, ఆలస్యంగా వచ్చింది. బోటు యజమానికి ఎంత, కూలికి వెళ్ళేవాడికి ఎంత, తట్ట నెత్తిన పెట్టుకుని అమ్మే ఆడదానికి అసలు లెక్కే లేదా అని ఊరు ఊరంతా కొట్టుకుంది. కంపెనీతో కాదు, వాళ్ళలో వాళ్ళు. అన్నదమ్ములు మాటలు మానేశారు. నేను రిటైరయ్యే దాకా ఆ గదుల్లోనే పాఠం చెప్పాను. నూకరాజు పోయి ఆరేళ్ళయింది. వాళ్ళ పెద్దకర్మకి వెళ్ళాను, వాళ్ళావిడ ఏమీ అనలేదు. నాకు చేపల పులుసు వడ్డించింది.

పరిహారం తప్పని నేను అనడం లేదే. 2023 నవంబరులో మన వైపు, పైపులైను పనుల వల్ల వేట పోయిన 23,458 కుటుంబాలకి ఇంటికి 69 వేల చొప్పున, మొత్తం 161 కోట్లకి పైగా ఇచ్చారు. పుచ్చుకున్నవాళ్ళని నేను తప్పుపట్టను, అది వాళ్ళ పోయిన కూలి. కానీ పరిహారం అడిగే కాగితం వేరు, వద్దనే కాగితం వేరు. రెండూ ఒకే కాగితం మీద రాస్తే చదివేవాడు తనకి కావలసింది చదువుకుంటాడు. కాబట్టి నీ అర్జీలో మొదటి వాక్యం వద్దు అని ఉండాలి. కారణాలు తర్వాత. షరతులు అసలు ఉండకూడదు. "ఒకవేళ తవ్వేటట్టయితే" అనే మాట నీ కాగితంలో ఎక్కడ కనబడినా కొట్టెయ్యి. ఆ "ఒకవేళ" లోంచే రిగ్గు దూరుతుంది.

మీటింగులో ఎవరో ఒక పెద్దమనిషి, మంచివాడే, "మరి మీకేం కావాలో చెప్పండమ్మా" అంటాడు. చాలా ఆప్యాయంగా అంటాడు. ఆ క్షణంలో నువ్వు నన్ను గుర్తు తెచ్చుకో.

మీకు మన కంటే ఒక మేలు ఉంది, ఇంకా టైం ఉంది. 1970లలో మీ సముద్రంలో రెండు బావులు తవ్వి చూసి, ఏమీ దొరక్క వదిలేశారని చదివాను. అంటే ఇప్పుడు మళ్ళీ మొదటి మెట్టు. మన దగ్గరైతే, 2020 జనవరిలో నిబంధన మార్చి, అన్వేషణ బావులకి ఆ ప్రజాభిప్రాయ సేకరణ కూడా అక్కర్లేదనేశారు. నేను తప్పు చేసిన ఆ షామియానా కూడా వాటికి ఇప్పుడు లేదు. ఇక ఆలస్యం చేస్తే ఏమవుతుందో బహామాస్ వాళ్ళని అడగాలి. అది కూడా మీలాంటి దీవుల దేశమే, టూరిస్టుల మీద బతికేదే. అక్కడ లైసెన్సులు 2007లోనే ఇచ్చారు. పర్యావరణ అనుమతి 2020 ఫిబ్రవరిలో వచ్చింది. సంఘాలన్నీ ఏకమై కోర్టు గడప ఎక్కేసరికి డిసెంబరు. 20వ తేదీన డ్రిల్లింగ్ మొదలైంది, కోర్టు పనులు ఆపలేదు. 2021 ఫిబ్రవరికి బావి పూర్తి చేసి, వ్యాపారానికి సరిపడేంత చమురు లేదని కంపెనీ వాళ్ళే ప్రకటించారు. బతికిపోయారు పాపం. కానీ వాళ్ళని కాపాడింది పోరాటం కాదు, కింద ఉన్న రాయి. అన్నిచోట్లా రాయి అంత దయగా ఉండదు.

సంతకాలు సేకరిస్తావని మీ నాన్న చెప్పాడు. వాడికి ఈ ముక్క బాగా గుర్తుంది, ఎందుకంటే ఖర్చు అడిగావట. సంతకాల గురించి బెలీజ్ అనే దేశం కథ చదువు. అది దీవి కాదు గానీ, పగడపు దిబ్బలూ టూరిస్టులూ ఉన్న చోటే. అక్కడ చమురు మీద ఓటింగు పెట్టమని 2011లో 20 వేలకి పైగా సంతకాలు ఇస్తే, ఓటరు జాబితాలో సంతకంతో కలవలేదని 8 వేలకి పైగా కొట్టేశారు. వాళ్ళు ఏడుస్తూ కూర్చోలేదు. 2012 ఫిబ్రవరిలో తామే ఓటింగు పెట్టుకున్నారు. 29 వేల మంది దాకా వచ్చి ఓటేశారు, నూటికి 96 మంది వద్దన్నారు. ఆ ఓటుకి చట్టంలో విలువ లేదు. కానీ 2017 డిసెంబరుకల్లా ఆ దేశపు పార్లమెంటే సముద్రంలో చమురు పనుల్ని నిలిపేస్తూ చట్టం చేసింది. చూశావా, వాళ్ళు ఓటర్లని అడిగింది ఒక్కటే ప్రశ్న. ట్యాంకులు, గదులు అడగలేదు. కాబట్టి ఇంటింటికీ వెళ్ళినప్పుడు ఐడీ కార్డు మీద ఎలా పెట్టారో అలాగే పెట్టమను. ముసలివాళ్ళు వేలిముద్ర వేస్తే పక్కన సాక్షి చేత రాయించు. తొందరపడి నువ్వే నాలుగు గీకేశావో, నీ మొహం చూడను.

ఇంక నా అసలు భయం. నువ్వు అక్కడ కోడలివి. మీ ఆయన ముత్తాతల నాటి వాళ్ళు మన కోరంగి రేవులో ఓడ ఎక్కినవాళ్ళు, అందుకే ఒకప్పుడు అక్కడి తెలుగువాళ్ళని కోరంగీలనేవారట. వాళ్ళు ఆ మట్టిలో నాలుగు తరాలుగా ఉన్నారు. నువ్వు వెళ్ళి పదేళ్ళయింది. గట్టిగా మాట్లాడిన రోజున "ఇండియా నుంచి వచ్చినదానివి, మా సముద్రం గురించి నువ్వు చెప్పేదేమిటి?" అని ఎవడో ఒకడు అంటాడు. అది నిన్ను కోస్తుంది, నాకు తెలుసు, పైకి నవ్వి రాత్రి ఏడుస్తావు. కాబట్టి మొదట నువ్వు మాట్లాడకు. మీ అత్తగారి చేత మాట్లాడించు. క్రియోల్‌లో. మీ పార్లమెంటు ఇంగ్లీషులో నడుస్తుంది, పేపర్లు ఫ్రెంచిలో వస్తాయి, కానీ మనిషి కోపం వచ్చినప్పుడు మాట్లాడేది క్రియోలే కదా. చెరుకాకులు కుట్టిన చేతులు పైకెత్తి ఆవిడ రెండు నిమిషాలు మాట్లాడితే నీ ఇరవై నిమిషాల ఇంగ్లీషు కంటే ఎక్కువ. నువ్వు పక్కన కాగితాలు పట్టుకుని కూర్చో. చివరికి మినిట్స్ చదివేటప్పుడు నీ అవసరం పడుతుంది. అందరూ వెళ్ళిపోయాక కూడా కూర్చో. ప్రతి "ఇస్తూ", ప్రతి "చేస్తూ" దగ్గర ఆపు. ఫ్రెంచిలోనూ ఇంగ్లీషులోనూ అలాంటివి ఏవుంటాయో నాకు తెలియదు, నీకు తెలుసు. నచ్చకపోతే సంతకం పెట్టకు. ఎవరైనా ఆప్యాయంగా పెన్ను ఇస్తే అసలే పెట్టకు.

హోటళ్ళ వాళ్ళు మీతో కలుస్తారా లేదా అని అడిగావట. కలుస్తారు, మెల్లగా. వాళ్ళ పేరు మీటింగు బ్యానరు మీద పెద్దగా వెయ్యకు, ఇది డబ్బున్నవాళ్ళ గొడవ అనిపిస్తుంది. కుర్చీలు అడుగు, పేరు వద్దు.

నా భయాలన్నీ నిప్పు దగ్గర మొదలవుతాయని నీకు తెలుసు. పాశర్లపూడి బ్లోఅవుట్, అదే గ్యాసు బావి పేలి అంటుకున్న నాటికి నీకు నాలుగేళ్ళు నిండలేదు. 1995 జనవరి 8. మీ అమ్మ నీ తమ్ముడి పురిటికి పుట్టింటికి వెళ్ళింది, నువ్వు నా దగ్గరున్నావు. అది సముద్రంలో బావి కాదు, నేల మీదదే, మన ఊరికి దూరమే. అయినా రాత్రి కిటికీ తెరిస్తే ఆకాశం ఒకవైపంతా ఎర్రగా ఉండేది. గాలి ఇటు తిరిగితే హోరు వినిపించేది. అరవై అయిదు రోజులు మండింది. వారంలో సంక్రాంతి, ఆ ఏడాది మన వీధిలో ఎవరూ భోగిమంట వెయ్యలేదు. నిన్ను పడుకోబెట్టాలంటే కిటికీకి దుప్పటి కట్టేదాన్ని, నువ్వు ఇంకో దుప్పటి తల మీదుగా లాక్కునేదానివి. ఇప్పటికీ అలాగే ముసుగేసుకుని పడుకుంటావని మీ ఆయన చెప్పాడు, ఆ ఎండల దేశంలో. నేను గ్యాసు సిలిండరు రాత్రిపూట కట్టేశానో లేదో మూడుసార్లు చూస్తాను. ఇదంతా మీ మీటింగుకి పనికొచ్చే సంగతి కాదు. నువ్వు ఎందుకు ఇంత పట్టుదలగా ఉన్నావో మీ నాన్నకి అర్థం కాలేదు. నాకు అర్థమైంది, అది చెబుదామని రాశాను.

ఆవకాయ సీసా కట్టి ఉంచాను, వైజాగ్ నుంచి వచ్చే వాళ్ళెవరైనా ఉంటే చెప్పు. బాబుకి జలుబు తగ్గిందా? వాడిని మీటింగుకి తీసుకెళ్ళకు.

నీ అర్జీ రాయడం అయ్యాక శనివారం రాత్రి ఫోన్ చెయ్యి. మీకు ఏడున్నర అయితే మాకు తొమ్మిది, నేను మెలకువగానే ఉంటాను. మొత్తం చదవక్కర్లేదు, మొదటి వాక్యం చదువు. క్రియోల్‌లోనే చదువు, నాకు అర్థం కాకపోయినా ఫరవాలేదు. కాదు, వద్దు అనడానికి మీరు "నో" అని ముక్కుతో అంటారు కదా, అది ఎక్కడ వస్తుందో వింటాను.

ఇట్లు,
మీ అత్తయ్య